ముందు కొలత, తర్వాతే ధర

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సౌర ఫలకాల కప్పు కింద సాగే 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరులో మొదలైంది. తెల్లవారుజామున ఆ దారి పక్కన కాసేపు నిలబడితే కారు ధరకు సరితూగే సైకిళ్లు వరుసగా కనబడతాయి. విశాఖలో భీమిలి రోడ్డు మీద ఆదివారం ఉదయాలూ అలాగే ఉంటాయి. ఇవన్నీ పందేలకు వెళ్లేవాళ్లవి కావు. నలభై దాటాక డాక్టరు చెప్పాడని నడక మొదలుపెట్టి, మోకాళ్ల కోసం సైకిలెక్కి, ఆ తర్వాత దిగబుద్ధి కానివాళ్లవి చాలా ఉంటాయి. అలాంటివాళ్లు ఒక దశకు వచ్చాక, పిల్లల చదువులయ్యాయి, ఇంటి అప్పు తీరింది, ఇక మంచి సైకిల్ ఒకటి కొనుక్కుందాం అనుకుంటారు. చేతిలో ఐదు లక్షలు ఉండొచ్చు, పది ఉండొచ్చు. ఈ పూట నా మాటలు వాళ్లతోనే.

డబ్బు ఇబ్బంది లేకపోతే ఎంచుకోవడం తేలిక అనుకుంటాం. నేను చూసినంతవరకు జరిగేది వేరు. లక్ష రూపాయలతో కొట్టుకు వెళ్లినవాడికి రెండు మూడు సైకిళ్లే చూపిస్తారు. వాటిలో తనకు కుదిరినది తెచ్చుకుని హాయిగా తొక్కుతాడు. ఎనిమిది లక్షలున్నవాడికి కొట్టంతా చూపిస్తారు. దేన్ని బట్టి తేల్చుకోవాలో తెలియక అతను చివరికి ధరనే కొలబద్దగా పెట్టుకుంటాడు. అన్నిటికన్నా ఖరీదైనదే అన్నిటికన్నా మంచిదై ఉంటుందని నమ్ముతాడు. ఆ ఖరీదైన సైకిల్‌ను తయారుచేసింది ఎవరి ఒంటి కోసం? ఇరవై అయిదేళ్ల వయసులో వారానికి పాతిక ముప్ఫై గంటలు తొక్కుతూ, నడుము వంచి నేలకు సమాంతరంగా గంటల తరబడి ఉండగలిగే వృత్తి రేసర్ కోసం. ఆ శరీరం మనది కాదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా బరువు మాట. ఖరీదైన సైకిల్‌ను చూడగానే ఎవరైనా చేసే పని, ఒక చేత్తో ఎత్తి చూడటం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2000 సంవత్సరం నుంచి ఒక నియమం అమలు చేస్తోంది. పోటీలో నిలిచే సైకిల్ 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదు. ఆ నియమం మనకు వర్తించదు కాబట్టి ఇంకా తేలికైనది కొనుక్కోవచ్చు. ప్రయోజనం ఎంతో లెక్క వేద్దాం. మీ బరువు 75 కిలోలు, సైకిల్, నీళ్లు, బూట్లు కలిపి మరో పది అనుకోండి. మొత్తం 85. గంటసేపు పట్టే ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారు. నిటారు ఎక్కుడులో శ్రమలో ఎక్కువ భాగం బరువును పైకి మోయడానికే పోతుంది కాబట్టి, ఒక కిలో తగ్గితే కాలం ఎనభై అయిదో వంతు తగ్గుతుంది. అంటే గంటలో సుమారు 42 సెకన్లు. వంద గ్రాములు తగ్గితే నాలుగు సెకన్లు.

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ. అమెరికా కంపెనీ స్పెషలైజ్డ్ అమ్మే టార్మాక్ ఎస్ఎల్8 అనే రేసు సైకిల్‌లో ఆకారం ఒకటే, కార్బన్ రకాలు రెండు. పై రకం ఫ్రేమ్ 56 సైజులో 685 గ్రాములని, దాని కింది రకం 780 గ్రాములని కంపెనీయే చెబుతుంది. తేడా 95 గ్రాములు. అంటే బాటిల్‌లో నాలుగైదు గుక్కల నీళ్లు. ధరలో తేడా మాత్రం లక్షల్లోకి పోతుంది. పై రకం బాగా లేదని నేను అనడం లేదు. అది చాలా గొప్ప పనితనం. కానీ గంట ఘాట్‌లో నాలుగు సెకన్ల కోసం ఆ లక్షలు పెడుతున్నామని తెలిసి పెట్టాలి. గేర్లలోనూ ఇదే కథ. జపాన్‌లో ఒసాకా దగ్గరి సకాయ్ ఊళ్లో 1921లో మొదలైన షిమానో కంపెనీకి డ్యూరా-ఏస్ పై మెట్టు, అల్టెగ్రా రెండో మెట్టు. 2021లో రెండిటికీ, వెనక పన్నెండు పళ్ల చక్రాలుండే ఎలక్ట్రానిక్ గేర్లు ఒకేసారి వచ్చాయి. కళ్లు మూసుకుంటే గేరు మారే తీరులో రెండింటి మధ్య తేడా తెలియదు. బరువు తేడా మూడు వందల గ్రాముల లోపే. నా మట్టుకు అల్టెగ్రా దగ్గర ఆగిపోవడమే తెలివైన పని అనిపిస్తుంది. పైగా చైను, పళ్ల చక్రాలు అరిగిపోయే వస్తువులు. వాటిని మళ్లీ మళ్లీ కొనాలి.

ఇక అసలు సంగతి, ఒంటి కొలత.

మనం చిన్నప్పుడు సైకిల్‌ను ఇరవై రెండు, ఇరవై నాలుగు అని అంగుళాల్లో అడిగేవాళ్లం. రోడ్డు సైకిళ్లలో 52, 54, 56 అంటారు. ఆ అంకెను నమ్మి కొనకండి. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకలా ఉండవు. చూడాల్సినవి రెండు కొలతలు. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైఅంచు వరకు నిలువున ఎంత ఎత్తు ఉందో దాన్ని స్టాక్ అంటారు. అదే బిందువు నుంచి అడ్డంగా ఎంత దూరం ఉందో అది రీచ్. స్టాక్ తక్కువైతే హ్యాండిల్ కిందికి పోతుంది, మీరు ముందుకు వంగాలి. రీచ్ ఎక్కువైతే చేతులు చాపాలి. రేసు సైకిల్‌కూ, ఎండ్యూరెన్స్ అనే దూర ప్రయాణపు సైకిల్‌కూ ఒకే సైజులో స్టాక్ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల దాకా తేడా ఉంటుంది. కాగితం మీద చిన్న అంకె. మూడో గంటలో మెడ దగ్గర, అరచేతుల్లో, నడుము కింది భాగంలో అది ఎంత పెద్దదో తెలుస్తుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయినవాళ్లు మనలో ఎక్కువ. వంగి కాలి వేళ్లు ముట్టుకోలేని మనిషికి పందెపు ఫ్రేమ్ అమ్మడం అన్యాయం.

పొట్టివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, జరిగే అన్యాయం ఇంకా ఎక్కువ. కొట్టులో ఉన్నది 52 అయితే, 'సీటు దించితే సరిపోతుందండీ' అని అంటగడతారు. సీటు దిగుతుంది కానీ రీచ్ తగ్గదు. అయిదడుగుల రెండంగుళాల మనిషికి చిన్న ఫ్రేమ్‌తో పాటు 36 లేదా 38 సెంటీమీటర్ల వెడల్పు హ్యాండిల్, క్రాంకు అనే పెడలు కడ్డీ పొట్టిది కావాలి. చిన్న ఫ్రేముల్లో మలుపు తిరిగేటప్పుడు బూటు ముందు చక్రానికి తగిలే ఇబ్బంది కూడా ఉంటుంది. అది కొట్టు ముందే మెల్లగా తిరిగి చూసుకోవచ్చు. అన్ని లక్షలు పెట్టే మనిషి తనకు సరిపడే సైజు తెప్పించమని గట్టిగా అడగాలి. రెండు నెలలు ఆగాల్సి వస్తే ఆగాలి.

సీటు ఎత్తుకు ఒక పాత సూత్రం ఉంది. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్, అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ పేర్లతో అది ప్రచారంలోకి వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం బిగించి, నేల నుంచి అక్కడికి ఎంతో కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6. ఇది మొదలుపెట్టడానికి పనికొస్తుంది. కచ్చితమైన లెక్క కోసం బైక్ ఫిట్ చేసేవాళ్లు ఉన్నారు. ఒక స్టాండు సైకిల్ మీద కూర్చోబెట్టి, మోకాలి వంపు, భుజాల కోణం, పిరుదుల ఎముకల మధ్య దూరం, అన్నీ చూసి కొలతలు రాసిస్తారు. చాలామంది సైకిల్ కొన్నాక, నొప్పి మొదలయ్యాక, వాళ్ల దగ్గరికి వెళతారు. కొనకముందే వెళ్లండి. ఆ కాగితం చేతిలో ఉంటే పది కంపెనీల జాబితాలో ఏడు వాటంతటవే రాలిపోతాయి.

ఒళ్లు తర్వాత చూడాల్సింది రోడ్డు. మన రోడ్డు.

ఇరవై ఏళ్ల కింద రేసర్లంతా 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లలో రాయిలా గట్టిగా గాలి కొట్టేవారు. టైరు ఎంత గట్టిగా ఉంటే అంత వేగమని నమ్మకం. గచ్చులా నున్నగా ఉన్న చోట అది కొంత నిజం. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి రవ్వకూ ఎగిరిపడుతుంది. ఆ ఎగురుడులో వృథా అయ్యేది మీరు తొక్కిన శక్తే. అందుకే వృత్తి రేసర్లే 25కు, తర్వాత 28కి వచ్చారు, ఇప్పుడు 30 కూడా వాడుతున్నారు. 1896 నుంచి ఫ్రాన్సులో జరుగుతున్న పారిస్-రూబే పందెంలో 50 కిలోమీటర్లకు పైగా రాళ్లు పరిచిన బాట ఉంటుంది. అక్కడ 32, అంతకుమించి వెడల్పు టైర్లు వేస్తున్నారు. మన స్పీడ్ బ్రేకర్లు, వంతెనల అతుకులు, వానాకాలం తర్వాత తేలిన కంకర ఉన్న రోడ్ల మీద తిరిగేవాళ్లకు 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేమ్ తప్పనిసరి అని నా అభిప్రాయం. 35 పడితే ఇంకా మంచిది. టైరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్రేమ్‌లో చోటు లేకపోతే చేసేదేమీ లేదు.

ఈ పారిస్-రూబే పేరు వస్తే ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఎర్నెస్టో కొల్నాగో అనే ఇటలీ పనివాడు 1954లో మిలాన్ దగ్గర కంబియాగోలో దుకాణం పెట్టాడు. దుకాణానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 1994లో సీ40 అని కార్బన్ సైకిల్ తెచ్చాడు. కార్బన్ ఆ రాళ్ల బాటలో నిలుస్తుందా అని చాలామందికి అప్పటికి భయమే. 1995లో ఫ్రాంకో బాలెరీని దాని మీదే పారిస్-రూబే గెలిచాడు. మరుసటి ఏడాది అతని జట్టు మాపే ఆ పందెంలో మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయింది. కార్బన్ మీద ఉన్న అపనమ్మకం అక్కడితో చాలా వరకు తీరింది.

కార్బన్ ఫ్రేమ్ అంటే యంత్రం పోతపోసిన వస్తువు అని మనం అనుకుంటాం. నిజానికి జిగురు పట్టించిన కార్బన్ పోగుల గుడ్డను వందల ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను ఏ దిశలో పెట్టాలో ఆ దిశలో, మనుషులు చేతులతో అచ్చులో పేరుస్తారు. తర్వాత వేడి, ఒత్తిడి పెట్టి గట్టిపరుస్తారు. పోగులు ఎటు వేస్తే అటు బిగువు, ఎటు లేకపోతే అటు మెత్తదనం. పెడళ్ల దగ్గర బిగువుగా, సీటు కింద కాస్త సాగేలా ఒకే ఫ్రేమ్‌ను చేయగలగడం అందువల్లే. ఈ పని ఎక్కువగా తైవాన్‌లో, చైనాలో, వియత్నాంలో జరుగుతుంది. 1972లో మొదలైన తైవాన్ కంపెనీలు జెయింట్, మెరిడా తమ పేరుతో అమ్ముతూ ఇతరులకూ చేసిపెట్టాయి. యూరప్ పేరున్న ఫ్రేమ్ ఆసియాలో తయారైందని తెలిస్తే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆ చేతుల నైపుణ్యం ఇప్పుడు అక్కడే ఉంది.

కార్బన్‌కు ఉన్న బలహీనత పక్క దెబ్బ. తొక్కుడు భారాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది, కానీ గోడకు ఆనించిన సైకిల్ జారి రాతి అంచు మీద పడితే పైకి గీతలా కనిపించేది లోపల పొరలు విడిపోయిన పగులు కావచ్చు. బోల్టు ఎక్కువ బిగించినా అంతే. ఎంత బిగించాలో దాని మీదే ఇన్ని న్యూటన్ మీటర్లని అచ్చు వేసి ఉంటుంది. ఆ లెక్క చూపే టార్క్ రెంచి సైకిల్‌తో పాటే కొనండి. రైళ్లలో, బస్సు పైకప్పుల మీద సైకిల్ వేసుకుని ఊళ్లు తిరిగే అలవాటున్నవాళ్లకు నేను టైటానియం ఫ్రేమ్ చూడమంటాను. ఒక అరకిలో పైన బరువు పెరుగుతుంది, తుప్పు పట్టదు, రంగు అక్కర్లేదు, దెబ్బకు సొట్ట పడుతుంది తప్ప దాగి ఉండే పగులు భయం తక్కువ. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో అది ఇంకా నప్పుతుంది.

గేర్ల పళ్ల సంగతి. పాతకాలపు రేసు సైకిల్‌కు ముందు చిన్న చక్రం 39 పళ్లు, వెనక పెద్దది 25. నిమిషానికి డెబ్బై సార్లు పెడలు తిప్పితే దాదాపు 14 కిలోమీటర్ల వేగం. అనంతగిరి ఘాట్‌లో, హార్స్‌లీ కొండ మలుపుల్లో మనలో ఎందరం ఆ వేగంతో ఎక్కగలం? ఎక్కలేక పెడలు నెమ్మదిస్తుంది, భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. ముందు 34, వెనక 34 ఉంటే అదే డెబ్బై సార్లకు వేగం 9 కిలోమీటర్ల లోపు. ఊపిరి అందుతుంది, మోకాలు నిలుస్తుంది. ఖరీదైన రేసు సైకిళ్లు కొన్ని ముందు 52, 36 పళ్లతో వస్తాయి. కొనేటప్పుడే 50, 34 వేయించుకోండి. ఎలక్ట్రానిక్ గేర్ల గురించి చాలామందికి అనుమానం, దారిలో చార్జి అయిపోతే ఎలాగని. షిమానోది ఒకసారి చార్జి చేస్తే మామూలు వాడకంలో వెయ్యి కిలోమీటర్ల వరకు వస్తుంది. వేళ్ల నొప్పులున్నవాళ్లకు అది నిజంగా వరం. చిన్నగా నొక్కితే చాలు.

గాలి నిరోధం పేరుతో చాలా డబ్బు ఖర్చుపెట్టిస్తారు. అందులో నిజం ఉంది. సమతలం మీద 30 కిలోమీటర్ల వేగంలో మనల్ని ఆపేది ముఖ్యంగా గాలే. 30 నుంచి 33కి వెళ్లాలంటే గాలిని చీల్చే శక్తి మూడో వంతు ఎక్కువ కావాలి. కానీ ఆ గాలికి ఎక్కువగా అడ్డు నిలిచేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున, వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల కాలపరీక్షలో, 50 సెకన్లు వెనకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్ చేతులు ముందుకు చాపి ఒదిగి ఉండే కొత్తరకం హ్యాండిల్ వాడాడు. అతనికన్నా ముందున్న లారాఁ ఫిన్యోఁ తలకు ఏమీ పెట్టుకోకుండా పిలక గాలికి వదిలి తొక్కాడు. మొత్తం టూర్‌ను లెమాండ్ 8 సెకన్ల తేడాతో గెలిచాడు. మనకు సరిపడే ఫ్రేమ్ మీద మోచేతులు వంచి గంటసేపు సుఖంగా ఉండగలిగితే, గాలిని చీల్చడానికని లోతు రిమ్ములు వేసిన, సరిపడని సైకిల్ మీద నిటారుగా కూర్చున్నదాని కంటే వేగం ఎక్కువే వస్తుంది. లోతైన రిమ్ములు సముద్రపు పక్కగాలికి హ్యాండిల్‌ను లాగుతాయి. తీరంలో ఉన్నవాళ్లు 35, 40 మిల్లీమీటర్ల లోతు దగ్గర ఆగడం మేలు.

దూరపు ప్రయాణాల వాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. హైదరాబాద్‌లో బ్రెవేలు అనే, గడువులోపు ముగించాల్సిన దూరపు సవారీలు తొక్కేవాళ్లు బాగా పెరిగారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తిచేయాలి. 1891లో మొదలై ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతున్న పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు వెళ్లాలని కలగనేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. అది 1200 కిలోమీటర్లు, 90 గంటలు. రాత్రిళ్లు తొక్కాలి, వానలో తొక్కాలి. అలాంటి మనిషికి మడ్‌గార్డు బిగించే చోటు, సంచి కట్టే చోటు, దీపం నిలిచే చోటు ఉన్న ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ కావాలి. రేసు ఫ్రేముల్లో చాలావాటికి ఆ బోల్టు రంధ్రాలే ఉండవు.

అమెరికా నుంచి వచ్చే తమ్ముడితోనో, మేనల్లుడితోనో తెప్పించుకోవాలనే ఆలోచన మన ఇళ్లల్లో సహజం. అక్కడ ధర తక్కువగానే కనిపిస్తుంది. కస్టమ్స్ సుంకం సంగతి సరే, వారంటీ విషయం కూడా అడిగి తెలుసుకోండి. చాలా కంపెనీలు ఫ్రేమ్ వారంటీని మొదట కొన్న మనిషి పేరుకే పరిమితం చేస్తాయి. బిల్లు తమ్ముడి పేరు మీద ఉంటే ఫ్రేమ్ పగిలిన రోజున ఇబ్బంది. కింద పడి ఫ్రేమ్ దెబ్బతింటే కొంత తగ్గింపు ధరకు కొత్తది ఇచ్చే పథకం కూడా కొన్ని కంపెనీలకు ఉంటుంది. మన ఊరి డీలరు దాన్ని నడిపిస్తాడా అన్నది ముందే తేల్చుకోవాలి. మెకానిక్ ఎవరో చూసి కొట్టు ఎంచుకోండి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల్లో గాలి తీయడం, ఎలక్ట్రానిక్ గేర్లు సర్దడం చేతనైన మనిషి దగ్గరలో ఉన్న రెండో రకం సైకిల్, అలాంటివాడు లేని ఊళ్లో మొదటి రకం కంటే ఎక్కువ రోజులు రోడ్డు మీద ఉంటుంది.

ఉన్న డబ్బులో అయిదో వంతు సైకిల్‌కు పెట్టకుండా పక్కన ఉంచండి. ఫిట్, పాదానికి సరిపడే బూట్లు, మంచి హెల్మెట్, వెనక పగలు కూడా వెలిగే ఎర్రదీపం, మీ ఎముకల వెడల్పుకు తగిన సీటు, ఒక జత మేలైన టైర్లు, ఇవన్నీ అందులోంచే రావాలి. సైకిల్‌తో వచ్చిన సీటు మీకు నప్పడం అరుదు.

చివరగా, డెలివరీ రోజున పాటించాల్సిన ఒక జాగ్రత్త. ఈ మధ్య ఖరీదైన సైకిళ్లలో హ్యాండిల్, దాన్ని ఫ్రేమ్‌కు కలిపే స్టెమ్ ఒకే ముక్కగా వస్తున్నాయి. బ్రేకు గొట్టాలు బయటికి కనిపించకుండా లోపలి నుంచే పోతాయి. చూడటానికి అందంగా ఉంటుంది. తర్వాత ఒక సెంటీమీటరు పొట్టి స్టెమ్ కావాలంటే మాత్రం మొత్తం విప్పి, బ్రేకులు మళ్లీ నింపి, కొత్త ముక్క కొనాలి. కాబట్టి ఫిట్ కాగితంలోని హ్యాండిల్ వెడల్పు, స్టెమ్ పొడవు ఆర్డరుతోనే రాయించండి. ఫోర్కు నుంచి పైకి వచ్చే గొట్టాన్ని మెకానిక్ అందం కోసం వెంటనే కోసేస్తానంటాడు. కోసిన గొట్టం మళ్లీ అతకదు. హ్యాండిల్ కింద మూడు సెంటీమీటర్ల ఎత్తున స్పేసర్లనే వలయాలు వేయించి, ఒకటి రెండు నెలలు తొక్కి, నడుము ఏ ఎత్తుకు ఒప్పుకుంటుందో చూసి, అప్పుడు కోయమనండి.